నియర్ మిస్ రిజిస్టరులోనే కనిపించే రాజీనామాలు

సంపాదకులకు నమస్కారం.

పని నేర్చిన కార్మికులు ఎక్కువ కాలం నిలవడం లేదన్న మాట మీ వాణిజ్య పుటల్లో తరచూ చదువుతున్నాను. పరిశ్రమల తరఫున మాట్లాడేవారు అందుకు చెప్పే కారణాలు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. పక్క సంస్థ జీతం ఎక్కువ ఇస్తోందంటారు, కొత్తగా వచ్చేవారికి ఓపిక లేదంటారు, శిక్షణ పూర్తికాగానే ఎగిరిపోతున్నారంటారు. వీటిలో నిజం లేదని నేననను. కానీ 27 ఏళ్లు కర్మాగారాల్లో పనిచేసి, అందులో చివరి 16 ఏళ్లు భద్రతా విభాగంలో గడిపి విరమించిన నాకు ఈ జాబితాలో ఎప్పుడూ కనిపించని కారణం ఒకటి తెలుసు. ప్రమాదం పొంచి ఉందని రాసి ఇచ్చిన మనిషికి జవాబు రాకపోతే ఆ మనిషి అక్కడ నిలవడు. అతను వెళ్లినప్పుడు ఆ ప్రమాదం ఎక్కడ ఉందో తెలిసిన జ్ఞానం కూడా అతనితో పాటే గేటు దాటుతుంది.

చాలా సంస్థల్లో ఈ రెండు సంగతులూ రెండు గదుల్లో ఉంటాయి. త్రుటిలో తప్పిన ప్రమాదాలను, అంటే మేము నియర్ మిస్ అనేవాటిని రాసుకునే రిజిస్టరు భద్రతా విభాగం అలమరలో ఉంటుంది. రాజీనామా పత్రాలు, వెళ్లేవారితో జరిపే ఎగ్జిట్ ఇంటర్వ్యూ కాగితాలు హెచ్.ఆర్. విభాగంలో ఉంటాయి. ఈ రెంటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన తెరిచి చూసినవారిని నా ఉద్యోగ కాలంలో నేను చూడలేదు. నేనూ చాలా ఏళ్లు చూడలేదు. ఉద్యోగం చివరి ఏడాదిలో ఒకసారి ఊరికే కుతూహలంతో చూశాను. అప్పటికి చాలా ఆలస్యమైంది.

ఆ కుతూహలానికి కారణమైన సంగతి చెప్పాలి. మా ప్లాంటులో మూడో అంతస్తు నడిచే దారిలో, పంపుల వరుసకు పక్కన, గ్రేటింగ్ అనే ఇనుప జాలీ పలక ఒకటి ఉండేది. దాన్ని కింది దూలానికి పట్టి ఉంచే నాలుగు క్లిప్పుల్లో రెండు ఊడిపోయాయి. ఒక మూల మీద కాలు పడితే ఎదుటి మూల అంగుళం మేర పైకి లేచి, కాలు తీయగానే టక్కున పడేది. ఆ షిఫ్టులో పనిచేసే ఫిట్టరు దీని గురించి రిజిస్టరులో మూడుసార్లు రాశాడు. మొదటిసారి ఎదుటి గడిలో నేను ‘నోటెడ్’ అని రాశాను. రెండోసారి ‘మెయింటెనెన్స్‌కు పంపడమైనది’ అని రాశాను. మూడోసారి ఏమీ రాయలేదు, సంతకం మాత్రమే పెట్టాను. ఆ తరువాత ఒకనాడు రౌండ్సుకు వెళ్తే ఆ పలక మూలను బైండింగు తీగతో దూలానికి బిగించి, పక్క రెయిలింగుకు ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది. ఎవరు కట్టారని అడిగితే, “నేనే సార్” అన్నాడు. మళ్లీ రిజిస్టరులో ఎందుకు రాయలేదని అడిగాను. “మూడుసార్లు రాశాను కదండీ. నాలుగోసారి రాస్తే మీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

రెండు నెలలకు అతను రాజీనామా చేశాడు. కారణం రాయవలసిన చోట ‘సొంత కారణాలు’ అని ఉంది. ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం వేరే ఉంది. ఆ పలకను మార్చే పని అప్పటికే వార్షిక షట్‌డౌన్ జాబితాలో చేరింది, కొత్త పలకకు ఆర్డరు కూడా వెళ్లింది. పంపులు ఆపకుండా దాన్ని విప్పడం కుదరదు కాబట్టి షట్‌డౌన్ దాకా ఆగవలసి వచ్చింది. ఇదంతా నాకు తెలుసు, మెయింటెనెన్స్ వారికి తెలుసు, స్టోర్సు వారికి కూడా తెలుసు. రాసిన మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అతని లెక్కలో అతను మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ ఎవరికీ పట్టలేదు. అతని స్థానంలో వచ్చిన కుర్రవాడు చేరిన పంతొమ్మిదో రోజున, అప్పటికి వదులైపోయిన ఆ తీగ మీదుగా నడవబోయి మోకాలి దాకా దిగబడ్డాడు. పిక్కకు ఎనిమిది కుట్లు పడ్డాయి. పాతవాడు ఆ పలకను దాటేటప్పుడు ఎప్పుడూ ఎడమ పక్కగా, రెయిలింగు పట్టుకుని నడిచేవాడట. ఆ సంగతి తోటివారు చెప్పగా నాకు తరువాత తెలిసింది. ఆ నడక ఏ శిక్షణ పుస్తకంలోనూ లేదు.

కొత్తవారికే ఎక్కువగా దెబ్బలు తగులుతాయన్నది అనుభవజ్ఞులందరికీ తెలిసిన మాటే. దాన్ని లెక్కగట్టినవారూ ఉన్నారు. కెనడాలోని టొరంటోలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్ పరిశోధకులు గాయాల పరిహారం రికార్డులు పరిశీలించి, ఉద్యోగంలో మొదటి నెలలో ఉన్నవారికి పని మానవలసినంత గాయం అయ్యే అవకాశం, ఏడాదికి పైగా అనుభవం ఉన్నవారితో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉంటుందని తేల్చారు. అంటే అనుభవం ఉన్నవాడు ఒకడు వెళ్లిపోయిన ప్రతిసారీ ఆ యంత్రం దగ్గర మొదటి నెల మళ్లీ మొదలవుతుంది. ఒక విభాగంలో మనుషులు ఏడాదికి రెండుసార్లు మారుతూ ఉంటే, ఆ విభాగం ఎప్పుడూ మొదటి నెలల్లోనే బతుకుతున్నట్టు లెక్క. గాయాలు పెరిగేకొద్దీ ఉన్నవారు కూడా వేరేచోట్లు వెతుక్కుంటారు. ఎక్కడ మొదలైందో చెప్పలేని వలయం ఇది. దీన్ని తెంచడానికి వీలైన చోటు మాత్రం ఒకటుంది, అదే ఆ రిజిస్టరు.

సంస్థ నచ్చనప్పుడు మనిషికి రెండు దారులుంటాయనీ, ఒకటి నోరు విప్పి చెప్పడం, రెండోది వదిలి వెళ్లడమనీ ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వివరించాడు. సంస్థ మీద మమకారం ఉన్నవాడు రెండో దారి పట్టేముందు మొదటిది ప్రయత్నిస్తాడని కూడా ఆయన అన్నాడు. షాపు ఫ్లోరు మీద బతికినవాడికి ఇది పుస్తకాల్లో చదవవలసిన సంగతి కాదు. ఫిర్యాదు రాసేవాడు ఇంకా అక్కడే ఉండాలనుకుంటున్నవాడు. వెళ్లాలని నిశ్చయించుకున్నవాడు ఏదీ రాయడు, పలక మీద నుంచి జాగ్రత్తగా నడిచి ఇంటికి పోతాడు. కానీ మన ఫోర్‌మన్లు, మేనేజర్లు దీన్ని తిరగేసి చదువుతారు. రిజిస్టరులో పేరు తరచూ కనిపించే మనిషిని ‘నస మనిషి’ అంటారు, ‘లీడరు’ అంటారు, ప్రమోషన్ల సమయంలో ‘యాటిట్యూడ్’ అనే మాట వాడతారు. ఎప్పుడూ ఏమీ రాయనివాణ్ని మంచివాడంటారు. ఒక విభాగం నుంచి రిపోర్టులు ఒక్కసారిగా తగ్గిపోతే అక్కడ పరిస్థితి మెరుగుపడిందని సంతోషించిన సమీక్షా సమావేశాల్లో నేనూ కూర్చున్నాను. ఆ తరువాతి ఆరు నెలల్లో అక్కడి నుంచి ఎవరెవరు వెళ్లారో చూడాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

రిపోర్టుల సంఖ్య తక్కువగా ఉండడం తప్పనిసరిగా మంచి లక్షణం కాదని హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం కూడా చూపింది. చక్కగా కలిసి పనిచేసే నర్సుల బృందాల్లో మందుల విషయంలో పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుని ఆమె మొదలుపెట్టింది. లెక్క తీస్తే అలాంటి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయలేదు, చేసినవాటిని దాచకుండా చెప్పుకున్నారు. మిగతా బృందాల్లో పొరపాటు జరిగితే నోరు మూసుకునేవారు. బాగున్న విభాగం చెడ్డదిగానూ, చెడ్డ విభాగం బాగున్నదిగానూ కాగితం మీద కనిపించడమంటే ఇదే.

ఇక్కడ గేటు దగ్గరి బోర్డు గురించి రెండు మాటలు ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే నా ఉద్యోగంలో నేను అత్యంత అసహ్యించుకున్న వస్తువు అదే. ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కింద అంకెలు మార్చే పలకలుంటాయి. ఆ అంకె ఒక స్థాయి దాటితే విభాగంలో అందరికీ బహుమతి. ఎవరైనా గాయపడితే అంకె సున్నాకు వస్తుంది, బహుమతి పోతుంది. ఉద్దేశం మంచిదేనని ఒప్పుకుంటాను. కానీ ఏం జరుగుతుందో చూడండి. వేలు చితికినవాడు ముందు తోటివారి మొహాలు చూస్తాడు. ‘ఇంకో పదకొండు రోజులు ఆగితే సరిపోయేది కదరా’ అనేవాడు ఒకడైనా ఉంటాడు. గాయం ఫస్ట్ ఎయిడ్ కేసుగా మారుతుంది. నడవలేనివాణ్ని జీపులో తెచ్చి టైం ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, అతను డ్యూటీలోనే ఉన్నాడు కాబట్టి పని దినం నష్టపోలేదని రాస్తారు. ఇంకా ఎక్కువైతే అతని సొంత సెలవులు సర్దుతారు. అంకె మారదు. అది అబద్ధమని ఆ షిఫ్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తన కాలు విరిగితే తననూ ఇలాగే కుర్చీలో కూర్చోబెడతారని ప్రతి ఒక్కరూ ఆ రోజే గ్రహిస్తారు. మంచి పనివాడికి వేరేచోట పని దొరుకుతుంది, అందుచేత అతనే ముందు వెళ్తాడు.

ఆ బోర్డులు ఎంత మోసం చేయగలవో ప్రపంచం చూసింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. ఆ రిగ్గుకు సంబంధించిన సంస్థల పెద్దలు ఆ రోజు దాని మీదే ఉన్నారు. వాళ్లు వచ్చిన కారణాల్లో ఒకటి, పని నష్టమయ్యే గాయం ఒక్కటీ లేకుండా ఏడేళ్లు గడిచినందుకు సిబ్బందిని అభినందించడం. అంతకు ఐదేళ్ల ముందు, 2005 మార్చి 23న, టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. దాని మీద నియమించిన బేకర్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, వ్యక్తిగత గాయాల రేటు తగ్గడాన్ని చూసి మొత్తం ప్లాంటు భద్రంగా ఉందని నమ్మడమే పెద్ద లోపమని తేల్చింది. జారిపడటాలు, వేళ్లు తెగడాలు తగ్గితే వాల్వులూ, ట్యాంకులూ భద్రంగా ఉన్నాయని అర్థం కాదు. వాల్వు సంగతి చెప్పగలిగినవాడు దాని పక్కన నిలబడే ఆపరేటరు. అతను చెప్పడం మానేసిన రోజును ఏ బోర్డూ చూపదు.

వైమానిక రంగం ఈ పాఠాన్ని భారీ మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి డలెస్ విమానాశ్రయానికి దిగుతూ కొండను ఢీకొంది. విమానంలోని 92 మందీ చనిపోయారు. దర్యాప్తులో తేలిన సంగతి ఏమిటంటే, సుమారు ఆరు వారాల ముందు మరో సంస్థ విమానం అదే కొండను, అదే అపార్థం వల్ల, వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ సంస్థకు చెప్పారు, సంస్థ తన పైలట్లను హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక ఆ సంస్థ గోడలు దాటి బయటికి రాలేదు. దాంతో అందరి రిపోర్టులూ ఒకచోట చేరే ఏర్పాటు కావాలని అమెరికా వైమానిక నియంత్రణ సంస్థ 1975లో సొంతంగా పథకం పెట్టింది. లైసెన్సు రద్దు చేయగలవాడి చేతికే తన తప్పు రాసిస్తే ఏమవుతుందోనని పైలట్లు వెనుకాడారు. అందుకని 1976లో ఆ పనిని నాసాకు అప్పగించారు. నాసాకు ఎవరినీ శిక్షించే అధికారం లేదు, అది రిపోర్టులో పేర్లు తీసేస్తుంది, పది రోజుల్లోగా రాసి ఇచ్చినవారికి ఉద్దేశపూర్వకం కాని ఉల్లంఘనల విషయంలో జరిమానా నుంచి మినహాయింపు ఉంటుంది. ఆ ఏర్పాటు నేటికీ నడుస్తోంది.

ఇందులో నేను గమనించమని కోరేది ఫారాన్నో, పెట్టెనో కాదు, ఫారం ఎవరి బల్ల మీదకి వెళ్తోందన్నది. మన కర్మాగారాల్లో రిపోర్టు చాలాచోట్ల ముందుగా ఫోర్‌మన్ చేతుల మీదుగా వెళ్తుంది. ఆ నెల టార్గెట్ ఫోర్‌మన్‌ది, ఆ యంత్రం ఆపితే సంజాయిషీ ఇవ్వవలసింది ఫోర్‌మన్, తన విభాగం నుంచి రిపోర్టులు ఎక్కువగా వెళ్తే సమావేశంలో తల దించుకోవలసింది ఫోర్‌మన్. ఇన్ని ఉండగా అతను ఆ కాగితాన్ని పైకి పంపాలని కోరడం అన్యాయం. నేను కూడా ఫోర్‌మన్‌గా పనిచేశాను, రెండు కాగితాలు జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయిన సందర్భం నాకూ ఉంది. దుర్మార్గంతో కాదు, షిఫ్టు అయ్యాక చూద్దామనుకుని.

పేరు రాయనక్కరలేని పెట్టె పెడితే చాలని కొందరంటారు. నాకు దాని మీద నమ్మకం తక్కువ. భయం మరీ ఎక్కువగా ఉన్నచోట అది తప్పదు, కాదనను. కానీ పేరు లేని కాగితానికి జవాబు ఎవరికివ్వాలి? జవాబు ఇవ్వవలసిన బాధ్యత నుంచి యాజమాన్యాన్ని తప్పించే గుణం ఆ పెట్టెకుంది. పేరు గోప్యంగా ఉంచడం వేరు, పేరే లేకపోవడం వేరు. నాసా చేసింది మొదటిది. రాసిన మనిషి ఎవరో వారికి తెలుస్తుంది, అవసరమైతే ఫోన్ చేసి వివరాలడుగుతారు, ఆ తరువాతే పేరు చెరిపేస్తారు.

ఫిర్యాదుల్లో అన్నీ నిజమైనవి కావన్న వాదన ఉంది. నిజమే, కావు. ఓవర్‌టైం రాలేదన్న అక్కసుతో హెల్మెట్ పట్టీ తెగిందని రాసినవారిని చూశాను. క్యాంటీన్ సాంబారు గురించి నియర్ మిస్ రాసినవాడు కూడా ఒకడున్నాడు. అలాంటివాటికి కూడా జవాబివ్వాలన్నదే నా అభిప్రాయం. ‘ఇది భద్రతకు సంబంధించినది కాదు, క్యాంటీన్ కమిటీకి పంపాం’ అని ఒక్క వాక్యం రాయడానికి అర నిమిషం పడుతుంది. అది చదివినవాడు రేపు వాల్వు కారుతుంటే కూడా రాస్తాడు.

గాయాల సంగతే ఇలా ఉంటే, రోగాల సంగతి చెప్పనక్కరలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం పని సంబంధిత కారణాలతో ప్రపంచంలో ఏటా 29 లక్షలకు పైగా మంది చనిపోతున్నారు. వారిలో ప్రమాదాల్లో పోయేవారు సుమారు 3 లక్షల 30 వేల మంది. మిగిలిన 26 లక్షల మందినీ బలిగొంటున్నవి రోగాలే. దుమ్ము, పొగలు, రసాయనాల ఆవిర్లు, విరామం లేని పనిగంటలు ఏ రిజిస్టరులోనూ ప్రమాదంగా నమోదు కావు, ఎందుకంటే అవి ఫలానా తేదీన, ఫలానా గంటకు జరగవు. ‘గ్రైండింగు సెక్షన్‌లో దుమ్ము ఎక్కువగా ఉంది’ అన్న వాక్యం ఎదుట ఎవరైనా ఏం రాస్తారు? ‘నోటెడ్’ అనే రాస్తారు. ఆ సెక్షన్ నుంచి మనుషులు తొందరగా వెళ్లిపోతారు. దగ్గు పట్టుకున్నాక వెళ్తారు, కారణం గడిలో ఆరోగ్యం బాగాలేదని రాస్తారు, అది ఆ మనిషి ఆరోగ్యం సంగతేనని దస్త్రం మూసేస్తారు.

చట్టాలు లేవని కాదు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మినప్పుడు పని వదిలి పక్కకు తప్పుకున్న కార్మికుణ్ని అన్యాయమైన పరిణామాల నుంచి కాపాడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడిక 13వ అధికరణం చెబుతోంది. 2022 జూన్‌లో ఆ సంస్థ, భద్రమైన ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని కార్మికుల మౌలిక హక్కుల్లో చేర్చింది. ఇవి అవసరమైనవే. అయితే చట్టం కాపాడేది మెమో అందుకున్నవాణ్ని, ఉద్యోగం పోయినవాణ్ని. మెమో ఇవ్వకుండా, కసరకుండా, కేవలం జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే ఏ చట్టమూ అడగదు. మనుషులను ఎక్కువగా బయటికి పంపేది ఈ ఊరుకోవడమే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది కాబట్టి రాస్తాను. 1987లో అల్యూమినియం సంస్థ అల్కోవాకు అధిపతిగా వచ్చిన పాల్ ఓనీల్, పెట్టుబడిదారులతో మాట్లాడిన మొదటి సభలో లాభాల మాట ఎత్తకుండా కార్మికుల భద్రత గురించే మాట్లాడాడు. వినేవారిలో కొందరు అక్కడికక్కడే వాటాలు అమ్ముకోవాలనుకున్నారట. గాయం జరిగితే 24 గంటల్లో తనకు తెలియాలని, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని ఆయన నియమం పెట్టాడు. అప్పటికి ఏటా నూరు మంది కార్మికులకు 1.86గా ఉన్న పని నష్టపు గాయాల రేటు, ఆయన వెళ్లేనాటికి 0.2కు తగ్గింది. మెక్సికోలోని ఒక ప్లాంటులో కార్మికులు విషవాయువుతో అస్వస్థులైన సంగతిని పైకి తెలియనివ్వనందుకు ఒక ఉన్నతాధికారిని ఉద్యోగం నుంచి తీసేశాడు. ఆ అధికారి విభాగం మంచి లాభాల్లో ఉంది. ఆ తరువాత మిగతా మేనేజర్లకు వేరే ఉపన్యాసం అవసరమై ఉండదు. ఇలాంటి మనుషులు అరుదుగా వస్తారు, వారి కోసం ఎదురుచూడమని నేననను. కానీ ఆ నియమంలో 24 గంటలన్న మాట ఏ సంస్థకైనా అందుబాటులో ఉన్నదే.

నాకు తోచిన ఏర్పాటు చాలా చిన్నది, ఖర్చు కూడా లేనిది. రిపోర్టు రాసిన మనిషికి ఆ షిఫ్టు ముగిసేలోగా అందిందని, వారంలోగా ఏం చేయబోతున్నారో, చేయలేకపోతే ఎందుకు చేయలేరో, అతని భాషలో, వీలైతే ఎదురుగా నిలబడి చెప్పాలి. ‘షట్‌డౌన్‌లో మారుస్తాం, ఆర్డరు పెట్టాం, అందాకా ఆ దారి మూసేస్తున్నాం’ అని నేను ఆ ఫిట్టరుకు చెప్పి ఉంటే సరిపోయేది. పని మొదలయ్యే ముందు జరిపే చిన్న భద్రతా సమావేశంలో, అంటే టూల్‌బాక్స్ టాక్‌లో, ప్రతిరోజూ హెల్మెట్ పెట్టుకోండని చెప్పే అయిదు నిమిషాల్లో ఒక నిమిషం నిన్నటి రిపోర్టులకు జవాబు చెప్పడానికి కేటాయించవచ్చు. గేటు బోర్డు మీద ప్రమాదం లేని రోజుల అంకెకు బదులు, ఈ నెల ఎన్ని రిపోర్టులు వచ్చాయో, ఎన్నింటికి జవాబు వెళ్లిందో రాయవచ్చు. బహుమతి ఇవ్వాలనిపిస్తే, యంత్రం ఆపమని చెప్పినవాడికి ఇవ్వవచ్చు. టొయోటా కర్మాగారాల్లో ప్రతి కార్మికుడికీ లైను ఆపించే తాడో, బటనో చేతికందేలా ఉంచడం, తాడు లాగగానే టీం లీడరు పరుగెత్తుకు రావడం ఎన్నో దశాబ్దాలుగా ఉన్న పద్ధతే. అక్కడ అసలు గుట్టు తాడులో లేదు, పరుగెత్తుకు రావడంలో ఉంది.

హెచ్.ఆర్. విభాగం వారికి ఒక విన్నపం. ఎవరైనా రాజీనామా ఇచ్చినప్పుడు, ఎగ్జిట్ ఇంటర్వ్యూకు పిలిచే ముందు, గత రెండేళ్లలో ఆ మనిషి భద్రత గురించి ఏమేం రాశాడో, వాటికి ఏం జవాబు వెళ్లిందో తెప్పించుకుని చదవండి. వెళ్లేరోజున అతను మీకు నిజం చెప్పడు. బకాయిలు రావాలి, అనుభవ ధ్రువపత్రం కావాలి, పాత బాస్‌తో గొడవ ఎందుకనుకుంటాడు. నిజం అతను ఎప్పుడో రాసి ఇచ్చాడు, మీరు అడగకముందే. కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఈ మాత్రం రికార్డు కూడా ఉండదు. మేస్త్రీ మారితే గ్యాంగు మొత్తం మారుతుంది, వారు చూసిన ప్రమాదాలు ఎవరి రిజిస్టరులోనూ ఉండవు. అత్యంత ప్రమాదకరమైన పనులు ఎక్కువగా చేసేది వారే కాబట్టి, రిజిస్టరులో రాసే హక్కు మొదట వారికే ఇవ్వాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి చేసుకుంటాను. ఎక్కడైనా పారిశ్రామిక ప్రమాదం జరిగినప్పుడు మృతుల సంఖ్య, ప్రకటించిన పరిహారం, యాజమాన్యం విచారం మీరు తప్పక రాస్తారు. అవి రాయాలి. వాటితో పాటు మీ విలేకరులు రెండు ప్రశ్నలు అడగగలరేమో చూడండి. ప్రమాదం జరిగిన ఆ విభాగం నుంచి అంతకు ముందు ఏడాదిలో ఎంతమంది పాతవారు వెళ్లిపోయారు, వెళ్లిపోయినవారు రిజిస్టరులో ఏం రాసి ఉన్నారు. మొదటిదానికి గేటు బయట టీ కొట్టు దగ్గర జవాబు దొరుకుతుంది. రెండోదాని కోసం ఆ రిజిస్టరు చూపమని అడగండి, మార్చేయకముందే.

ఇట్లు,
విశ్రాంత భద్రతా అధికారి